నానబెట్టిన ప్లాస్టరు

ఇల్లంటే నాలుగు గోడలు, పైన కప్పు, కింద గచ్చు అని అందరమూ అనుకునే కాలం అది. గోడా కప్పూ కలిసే చోటొకటి ఉంటుందనీ, దానికి కూడా నగ పెట్టాలనీ నాకు తెలిసింది జంషెడ్‌పూర్‌లో ఒక ఇంజినీరు గారింటికి పేరంటానికి వెళ్ళినప్పుడు. అక్కడ గది చుట్టూతా కప్పు కింద తెల్లటి పూల పట్టీ ఉంది, చీరకి జరీ అంచులాగ. తాంబూలం పుచ్చుకుంటున్నంతసేపూ నేను తలెత్తే ఉన్నాను (నా చేతిలోంచి జారిన వక్కలు ఎవరి పాలయ్యాయో ఇప్పటికీ తెలియదు). అప్పటికి గోవింద్‌పూర్‌లో మా రెండు గదుల ఇల్లు పూర్తి కావచ్చింది. గృహప్రవేశానికి ఆ ఇంజినీరు గారి భార్య కూడా వస్తానంది. బోడి గోడల మధ్య ఆవిడని ఎలా కూర్చోబెట్టడమా అని నాకు బెంగ పట్టుకుంది.

మా ఆయన కార్ఖానాలో ఫిట్టరు. పూల పట్టీలు పోతపోసి అమ్మే మిస్త్రీ దగ్గర పట్టీలూ, వాటిని అతికించడానికి ఒక సంచి ప్లాస్టరు పొడీ తెచ్చారు. మిస్త్రీ చేతే పెట్టిద్దామన్నారు గానీ, ఇంట్లో ఫిట్టరు ఉండగా బయటివాడికి కూలి ఇవ్వడానికి నేనొప్పుకోలేదు. "డూటీ నుంచొచ్చి నానే కలుపుతాను. నువ్వు ముట్టుకోకు" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళారు. అయితే కుళాయి నీళ్ళు మా ఆయన డ్యూటీ చూసుకుని రావు కదా. నీళ్ళొచ్చిన వేళకి సంచి విప్పి చూశాను. తెల్లగా, మెత్తగా, అచ్చం వరిపిండి. నేను చదివింది మూడో క్లాసే అయినా, ఏ పిండైనా నానితేనే గుణం అన్న సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉన్న ఒక్క బకెట్టూ కుళాయి కింద ఉంది. ఇంకోటి కొనడం నా రక్తంలో లేదు. అందుకని మా అత్త ఇత్తడి డేగిసా దింపి, సంచెడు పొడీ అందులో వంచి, నీళ్ళు పోసి, గరిటెతో ఉండలు లేకుండా కలిపి, పైన తడిగుడ్డ కప్పాను. కాసేపాగి చెయ్యి వేసి చూస్తే డేగిసా గోరువెచ్చగా తగిలింది. పిండి బాగా పులుస్తోందని సంతోషించి బియ్యం ఏరుకోవడానికి కూర్చున్నాను.

తరవాత ఒకసారి కలుపుదామని వెళ్తే గరిటె కదల్లేదు. గట్టిగా లాగితే గరిటెతో పాటు డేగిసా కూడా లేచొచ్చింది.

ఆ డేగిసాని మా అత్త విజయనగరం నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. కొత్తింట్లో పాలు అందులోనే పొంగాలని ఆవిడ పట్టు. ముహూర్తం ఎల్లుండే. జంషెడ్‌పూర్ సీతారాండేరాలో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్ళిన ఆవిడ సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. డేగిసా పాడైతే కొత్త వంటింట్లో నా మాట ఇక చెల్లదు.

ముందు మా ఆయన వచ్చారు. వేలితో కొట్టి చూశారు.

"ఏటే ఇది? పూరా జామ్ అయిపోనాది!"

"కొంచెం నానితే బాగుంటాదని..."

"నానడానికిదేటి, మినపపిండా? ముట్టుకోకన్నాను కాదా!"

"నీళ్ళెలిపోతాయని కలిపేసినానండీ."

"ఇప్పుడు మాయమ్మొత్తే మనిద్దరం కూడా ఎలిపోవాల!"

కార్ఖానాలో బిగిసిన బేరింగుని వేడి చేసి ఊడదీస్తారట. ఆయన డేగిసాని ఇటుకల మీద బోర్లించారు, నేను మరిగిన నీళ్ళు చుట్టూ పోశాను, ఆయన చెక్కసుత్తితో అంచు మీద తట్టారు. పోయడం, తట్టడం, పోయడం, తట్టడం. చివరికి ధబ్బుమని డేగిసా ఆకారంలోనే తెల్లటి దిమ్మ ఒకటి కింద పడింది. తలెత్తితే గుమ్మంలో మా అత్త.

"ఏటే కోడలా, ఇంత ఇడ్లీ ఎవలికే?"

మా ఆయన కప్పు వైపు చూస్తున్నారు. ఆవిడ డేగిసాని అందుకుని వేలితో కొట్టింది. ఖంగుమంది.

"బతికినాది. జిడ్డుండబట్టి వదిల్నాది. చింతపండు దండగని సరిగ్గా తోమలేదు కావాల నువ్వు." (నిజమే.)

"దీన్ని పారేసొత్తానమ్మా" అని మా ఆయన దిమ్మ మీద చెయ్యి వేశారు.

"పారేత్తావేట్రా? డబ్బులెట్టి కొన్నావు కాదా? బోర్లించు, పీటైపోద్ది."

గరిటె కాడని మా ఆయన రంపంతో కోసేశారు. గరిటె గిన్నె దిమ్మ కడుపులోనే ఉండిపోయింది. మర్నాడు ఇంకొంచెం ప్లాస్టరు తెచ్చి, టీకప్పులో కాస్త కాస్త కలుపుకుంటూ పట్టీలు అతికించారు, నన్ను ఆ గది గడప తొక్కనివ్వకుండా. ముహూర్తానికి డేగిసాలో పాలు చక్కగా పొంగాయి. వచ్చినవాళ్ళెవరూ ఒక్కసారైనా తలెత్తి పట్టీని చూడలేదు. ఇంజినీరు గారి భార్య మాత్రం దిమ్మ మీద కూర్చుని, చల్లగా ఉందని చేత్తో నిమిరి, "పాలరాయాండీ? ఎక్కడ కొన్నారు?" అంది.

"కొనలేదమ్మా" అంది మా అత్త. "మా కోడలు వండినాది."

ఇప్పుడు ఆవిడా లేదు, ఆ పట్టీలో సగమూ లేదు. పీట ఉంది. దాని మీద కూర్చునే ఇది రాస్తున్నాను. ఇప్పటికీ మినప్పప్పు నానబోసి మూత పెట్టాక, కాసేపాగి మళ్ళీ మూత తీసి గరిటె ఒకసారి కదిపి చూస్తాను. కదులుతుంది. తడిగుడ్డ కప్పి సంతోషించిన ఆ పిల్ల గుర్తొచ్చి, ఎవరూ చూడకుండా నవ్వుకుని మూత పెట్టేస్తాను.