మావయ్యగారు అడిగిన ప్లేటు

ఈ గ్రూపులో ఒకమ్మాయి "కొత్తగా సన్నాయి వినాలనుంది, ఎవరిది వినమంటారు?" అని అడిగింది. అది చదవగానే ఇన్నేళ్ల తర్వాత కూడా మా మావయ్యగారి ప్రశ్నే గుర్తొచ్చింది.

అరవైల చివర్లో నేను చీపురుపల్లిలో కొత్తకోడలిని. అత్తవారింట్లో గ్రామఫోను, పాత చీర ముక్కలో చుట్టిన నల్లటి ప్లేట్లు ఉండేవి. గుర్తుందా, ఆ లక్క వాసన? ఒకరోజు మావయ్యగారు విజయనగరం రైలుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"ఇజీనారం ఎల్తన్నానమ్మా. ఒక ప్లేటు తెస్తాను. ఎవుల్ది బాగుంటాది, సెప్పు."

ఆ ఇంట్లో నా ఇష్టం ఒకరు అడగడం అదే మొదలు. నాకు ఇష్టమైన సన్నాయి విద్వాంసుడు పైడిరాజు. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా ప్లేటులో వినిపించేది. కానీ మా ఆయన పేరూ అదే. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మనకి నేర్పారు కదా!

"ఏటే, మూగదానివా? రైలెల్లిపోతాది!" అని అత్తగారు కసిరారు.

మావయ్యగారు మెట్లు దిగేశారు. ఇక ఉండలేక "పైడిరాజు!" అని అరిచేశాను.

అత్తగారు గబగబా చెంపలు వేసుకున్నారు. అంతలో పెరట్లోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఆఁ, వస్తన్నాను!"