కొంపల్లి పాము, చెరువు గుడిసెలు

2003 వానాకాలంలో నేను మేడ్చల్‌లో ఒక దినపత్రికకు మండల విలేకరిని. సాయంత్రం నాలుగింటికల్లా వార్త ఫ్యాక్స్‌లో డెస్కుకు, అంటే పేజీలు దిద్దేవాళ్లకు చేరాలి. ఆ గడువే మా పై అధికారి.

కొంపల్లి కొత్త విల్లాల్లో పాము కనబడితే మల్లేశాన్ని పిలిచేవారు. కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు, సెలవు రోజుల్లో పాములు పట్టేవాడు. తోక పట్టి ఆడించడం అతనికి గిట్టదు. ప్లాస్టిక్ గొట్టం చివర గుడ్డసంచి కట్టి పాము ముందు పెడితే, చీకటి చూసి అదే లోపలికి దూరేది. ఒక ఆదివారం నేను చూస్తుండగా, ఒక విల్లాలో చెప్పుల అరలోని నాగుపాము అలాగే దూరింది.

"గెదిమితే ఉరుకుతది సార్, తొవ్వ సూపిస్తే పోతది" అన్నాడు.

గడువు దగ్గరపడిందని నేను అక్కడి నుంచే వెనుదిరిగాను. 'సురక్షితంగా అడవిలో వదిలేశారు' అని రాశాను. పాము వార్తకు ఆ చివరి వాక్యం మా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండేది.

మూడో రోజు శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు పట్టే ఎల్లవ్వ మల్లేశానికి కబురు పెట్టింది. నన్నూ వెంట రమ్మన్నాడు. గుడిసె ముందు వలల కుప్పలో నాగుపాము చిక్కుకుని ఉంది. పడగ మీది పాత గాటు చూసి, ఆదివారం పట్టిన పామేనని గుర్తుపట్టి మల్లేశం తల దించుకున్నాడు.

"గీ ఎన్క పొదలల్లనే ఇడిసిన. గుడిసెలు ఇంత దగ్గరున్నయని సూడలే."

నేను పేపరు మనిషినని తెలిసి ఎల్లవ్వ నావైపు తిరిగింది.

"సురక్షితమని రాసినవంటగా బిడ్డా. ఎవలికి? మంచాల మీద పండేటోల్ల ఇంట్లకెల్లి తెచ్చి, నేల మీద పండేటోల్ల కాడ ఇడిస్తిరి. మా పిలగాండ్లు గీ వలల పక్కనే పంటరు."

ఆమె కొడుకు చేతిలో కట్టె ఉంది. అంతవరకు ఆపింది ఆమే.

"అదేమన్న అడిగి వచ్చిందారా?" అని అతన్ని కసిరింది.

మల్లేశం పాము తలను గొట్టంలోకి మళ్లించి, ఒంటికి బిగుసుకున్న నైలాను పోగులను ఒక్కొక్కటే కత్తిరించాడు. గంట పట్టింది. సంచి మూతి కట్టాక, ఎక్కడ వదలాలో ఎల్లవ్వనే అడిగాడు. చెరువు అవతల బండల దాకా ఆమె ముందు నడిచింది.

"ఈడ ఎలుకలున్నయ్, నీళ్లున్నయ్, మనుషులు లేరు. గిది పేపర్ల రాయి బిడ్డా."

ఆమె మాటను వార్తలో చివరి వాక్యంగా రాశాను. స్థలం చాలక డెస్కు దాన్నే తీసేసింది. డెస్కు వార్తను కింది నుంచి కోస్తుందని తెలిసీ అలా రాయడం నా పొరపాటు. ఆ తర్వాత ఏ పాము వార్తలోనైనా, దాన్ని ఎక్కడ వదిలారో, అక్కడికి మనుషులు ఎంత దూరంలో ఉన్నారో మొదటి పేరాలోనే రాశాను. వెళ్లి చూశాకే రాశాను.