నెత్తుట్లో సీఆర్పీ

గోరంతను కొండంత చేయడం నా అలవాటు. ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి చదివినదాంట్లో సగం తీసేయండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మా ఆఫీసు క్యాబ్ డ్రైవరన్నకు నడుములో డిస్కు జారి కాలి నరాన్ని నొక్కింది. ఆయన కాలు చాచి మూలిగితే ఎక్కడో దూరాన నార్సింగిలో కుక్కలు లేచేవి. అయినా లింగంపల్లి నుంచి సాగబోయే ఊరేగింపులో నడిచి తీరాలని ఆయన పట్టు. నేనే దవాఖానకు తీసుకెళ్లాను.

కోస్తా నుంచి వచ్చిన డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "సీఆర్పీ బాగా పెరిగిందండి," అన్నారు.

బందోబస్తుకు దిగిన కేంద్ర పోలీసులనూ జనం ఆ మాటతోనే పిలిచేవారు. అన్న ముఖం కందగడ్డయింది.

"ఏంది సార్, రోడ్ల మీద చాలలేదా? నా నెత్తుర్లకు గూడ దింపిన్రా?"

డాక్టరు నవ్వాపుకొని, "ఒంట్లో వాపుందని చెప్పే గుర్తండి అది. ముందు వాపు తగ్గడానికి ఇంజెక్షన్ చేద్దాం. ఆపరేషన్ మాట తర్వాత చూద్దాం," అన్నారు.

"చెయ్యిన్రి సార్. ఒక్కొక్కన్ని ఎల్లగొడ్త."

అప్పటినుంచి క్యాబ్ ఎక్కినవాళ్లందరికీ నమస్తేకు బదులు, "సగం మంది పోయిన్రు, ఇగ సగమే," అని లెక్క చెప్పేవాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం ఒక్కపూటా మానలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే సీఆర్పీ దిగిపోయింది. ఊరేగింపు రోజున కుంటుకుంటూనే చివరిదాకా నడిచాడు. నేను జెండా పట్టుకొని ఆయన పక్కనే నడిచాను.

ఇందులో నేను కల్పించింది ఆ ఆఖరి వాక్యమే. ఆయన నడిచాడు. నేను ఆఫీసు ఏసీలో కూర్చొని అద్దంలోంచి చూశాను.