పసుపు అంటిన ఉత్తరం

బహ్రెయిన్‌లోని అరాద్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే చంద్రవ్వకు ఇద్దరు తమ్ముళ్లు. పెద్దవాడు దేవన్న పోలీసు కానిస్టేబులు. చిన్నవాడు బాలన్న అడవిలో ఉన్న అన్నల్లో కలిశాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడే అన్న అయి కూర్చున్నాడు, ఏం చేస్తాం. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. తిరిగేదీ ఒకటే అడవి.

ఫోనులో ఎవరు వింటారోనని ఇద్దరూ అక్కకు ఉత్తరాలే రాసేవారు. ఒకడి పేరు ఒకడు ఎత్తేవాడు కాదు. చివర మాత్రం "అందరు బాగున్నరా అక్కా?" అని తప్పకుండా ఉండేది. అమ్మానాన్నలు పోయి పదేళ్లయింది. ఇంకా అందరెవరు? ఆ అందరూ ఒక్కడే. చంద్రవ్వకు చదువు రాదు. పక్కింట్లో పనిచేసే కోనసీమ లూర్దుమేరి అక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థన నుంచి వచ్చాక ఉత్తరాలు చదివిపెట్టేది, జవాబులు రాసిపెట్టేది. "అందరు బాగున్నరు" అని ఎప్పుడు రాయించినా అది నిజమే.

2005లో సర్కారుకూ అన్నలకూ మధ్య చర్చలు చెడిపోయాయి. ఆ తర్వాత అయిదు నెలలు బాలన్న నుంచి ఉత్తరం లేదు. దేవన్నది మాత్రం వచ్చింది, అదే ప్రశ్నతో.

"ఏం రాయమంటావే?" అంది లూర్దుమేరి.

మచ్‌బూస్ అనే అరబ్బు బిర్యానీ వండటానికి కోడిముక్కలకు పసుపు పట్టిస్తున్న చంద్రవ్వ గిన్నె పక్కకు జరిపింది.

"బాగున్నరనే రాయి. లేదంటే వాడు ఆ అడవిల ఎట్ల నడుస్తడు?"

కాగితం మడుస్తుంటే ఆమె వేళ్ల పసుపు ఒక మూలకు అంటింది. పసుపు పెట్టిన ఉత్తరమంటే శుభవార్త. అబద్ధం చాలక దానికి పసుపు కూడానా అని ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంకో కాగితం లేక అదే పంపారు.

నెలకు దేవన్న జవాబు వచ్చింది. "అక్కా, పసుపు చూసిన. పెండ్లయిందన్నట్టు. పిల్ల ఎవరని నేనడుగ. నా పేరు మీద ఆమెకో చీర కొనిపెట్టు."

చంద్రవ్వ ఏడ్చింది. బాలన్నకు పెళ్లయిందనుకున్న దేవన్న సంతోషం చెరపడానికి ఆమెకు మనసొప్పలేదు. మనామా సూక్ బజారుకు వెళ్లి ఎర్రచీర కొంది. జరిగిందంతా బాలన్నకు, ఎప్పుడో వాడిచ్చిన సైకిల్ దుకాణం చిరునామాకు రాయించింది. బతికుంటే అందుతుందనుకుంది.

మూడు నెలలకు ఒక నలిగిన కవరు వచ్చింది. బాలన్న వంకర అక్షరాలు. లూర్దుమేరి చదివింది.

"పెండ్లి కాలే అక్కా. చీర మాత్రం ఎవ్వలకియ్యకు, దాచిపెట్టు. అందరు బాగున్నరా?"

చంద్రవ్వ దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

"మరి దేవన్నకేం రాయను? పెళ్లి కాలేదనా?"

"అందరు బాగున్నరని రాయి."

రాయడం అయ్యాక చంద్రవ్వ లేచి వెళ్లి పసుపు డబ్బా తెచ్చింది. ఈసారి నాలుగు మూలలకూ తనే పెట్టింది.