జూడో కోటులో తాయెత్తు

కువైట్‌లోని సల్వాలో ఇంటిపని చేసే గంగారత్నం, అరబ్బు పిల్లాడి జూడో కోటు కాలరులో తాయెత్తు పెట్టి కుట్టిందనీ, ఆ మహిమతోనే వాడు తనకు రెండింతలున్న పిల్లల్ని పడగొట్టాడనీ చెప్పుకుంటారు. ఆ మాట షుఐబా లేబర్ క్యాంపుకు చేరేసరికి తాయెత్తు రాజోలు నుంచి పోస్టులో వచ్చిందట, సంగతి బయటపడ్డాక ఆవిణ్ణి తర్వాతి విమానానికే పంపేశారట! చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ కోటు ముట్టుకున్నవాళ్లు కారు. ఆ పిల్లాడికి పచ్చబెల్టు వచ్చేదాకా ఆ కోటు ఉతికింది గంగారత్నమే. తాయెత్తూ లేదు, మంత్రమూ లేదు. జరిగింది ఇదీ.

గంగారత్నానిది రాజోలు పక్క పల్లె. కువైట్ రాకముందు పన్నెండేళ్లు ఓ ప్లీడరుగారింట్లో బట్టలు ఉతికింది. ఆవిడ చేతిలోంచి వచ్చిన పంచె నేలమీద పెడితే అప్పడంలా నిలబడుతుందని ఊళ్లో పేరు. మొగుడు పోయాక, కూతురు కాకినాడలో నర్సు ట్రైనింగులో చేరాక, ఎనభై ఒకటిలో విమానమెక్కింది. ఇది జరిగిన ఎనభై మూడు చలికాలానికి ఆ చదువు ఇంకో ఏడాది మిగిలి ఉంది. ఆ ఏడాది గడిచేదాకా సల్వాలో ఈ ఇంటి పని పోకూడదని రోజూ పొద్దున్నే దేవుడికి చెప్పుకునేది.

ఆ ఇంటి చిన్నవాడు ఫహద్‌కు ఎనిమిదేళ్లు. మనిషి పుల్లలా ఉంటాడు. శనివారం, మంగళవారం సాయంత్రాలు క్లబ్బులో జూడో నేర్చుకునేవాడు. రాయచోటి నుంచి వచ్చిన డ్రైవరు ఖాసిం వలి కారు నడిపేవాడు. మంచినీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని గంగారత్నం కూడా వెళ్లి తలుపు పక్క బల్లమీద కూర్చునేది. ఒకడి కోటు కాలరు ఇంకొకడు గట్టిగా పట్టుకోవడం, గుంజి పరుపు మీద పడెయ్యడం, ఆవిడకు అర్థమైనంతలో ఆట అదే. నేర్పే ఈజిప్టు మాస్టారిని పిల్లలు కెప్టెన్ అనేవారు. ఆయన ఎవరితో జత కట్టించినా పడేది ఫహదే.

"ఏందక్కా, ఈ పిల్లోడు పడేదానికే వస్తాండాడా?" అన్నాడు ఓసారి ఖాసిం వలి.

"ఊరుకోవయ్యా! పడ్డ ప్రతిసారీ లేత్తన్నాడు కదా, అది కనబడదేం నీకు?"

ఓ మంగళవారం లావుపాటి నాసర్ చేతిలో కోటు చంకలో చిరిగింది. ఇంక క్లబ్బుకు రానని ఫహద్ కార్లో ఒకటే ఏడుపు. గంగారత్నం ఆ కోటు చేతిలోకి తీసుకుని చూసింది. మాసి, నలిగి, గుడ్డపేలికలా ఉంది. ఇలాంటి బట్టతో పంపితే ఎవడికైనా లోకువే కదా అనుకుంది.

ఆ రాత్రి కోటు మెషిన్‌లో వెయ్యలేదు. చిరుగు కుట్టి, చేత్తో ఉతికి, నీలిమందు పెట్టింది. ఆ ఇంట్లో రోజూ పెద్ద గిన్నెడు అన్నం వార్చి, గంజి సింకులో పోస్తుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. మర్నాడు మాత్రం పొయ్యలేదు. కోటంతా ముంచి, కాలరుకు రెండోసారి పట్టించి డాబా మీద ఆరేసింది. మధ్యాహ్నానికల్లా కోటు చెక్కలా బిగిసింది. పైన ఇస్త్రీ.

శనివారం అది తొడుక్కున్న ఫహద్‌కు చేతులు ఒంటికి ఆనలేదు. నాసర్ వచ్చి కాలరు పట్టుకోబోయాడు. వేళ్లు జారాయి. మళ్లీ పట్టాడు, మళ్లీ జారాయి. ఇదేమిటని నాసర్ తన చెయ్యి తను చూసుకుంటుండగా ఫహద్ కాలు అడ్డంపెట్టి తోశాడు. లావుపాటి నాసర్ దబ్బున పడ్డాడు. పడగొట్టింది ఎవరా అని ఫహద్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

కార్లో వాడికి కూర్చోబుద్ధి కాలేదు. వెనకనుంచి ఖాసిం వలి చొక్కా కాలరు పిడికిట పట్టాడు. "ఇది దొరుకుతుంది!" తన కాలరు చూపించాడు. "ఇది దొరకదు!"

"వదలమనక్కా, బండి గోడకు పెట్టేస్తాను!" అని అరిచాడు ఖాసిం వలి.

తర్వాతి వారం ఫహద్ ఇద్దర్ని పడగొట్టాడు. ఆ పై వారం ముగ్గుర్ని.

"నిజం చెప్పక్కా, ఏం పెట్నావ్ ఆ కాలర్లో? తాయెత్తా?"

"ఆయ్, మా రాజోలు తాయెత్తే. నీకూ ఓటి కట్టమంటావేటి, పెళ్లాం మాట వింటాది!"

నవ్వుతాలుకన్న మాట. ఖాసిం వలి కూడా శుక్రవారం నలుగురిలో నవ్వుతూనే చెప్పాడు. అక్కణ్ణుంచి డ్రైవర్లు, డ్రైవర్లనుంచి పనివాళ్లు, చివరకు నాసర్ తల్లి. అక్కడికి చేరేసరికి నవ్వు దారిలోనే పడిపోయి తాయెత్తొక్కటీ మిగిలింది. నాసర్ తల్లి, పనివాళ్లంతా మామా అని పిలిచే ఫహద్ తల్లికి ఫోను చేసింది.

రెండు రోజులు మామా ఆరా తీసింది. డ్రైవర్ని అడిగింది, వంటమనిషిని అడిగింది, కెప్టెన్ని అడిగింది. గంగారత్నాన్ని తప్ప అందర్నీ అడిగింది. మూడోరోజు హాల్లోకి పిలిచింది. బల్లమీద జూడో కోటు, కత్తెర, వాటి పక్కన ఎప్పుడూ సొరుగులో తాళం వేసి ఉంచే గంగారత్నం పాస్‌పోర్టు. గంగారత్నానికి కాకినాడలో కూతురి తెల్ల యూనిఫారం కళ్లముందు ఆడింది.

మామా కాలరు పిసికింది, గట్టిగా తగిలింది. కుట్లు విప్పింది. లోపల గుడ్డ, ఆ గుడ్డ లోపల ఇంకో గుడ్డ. అంతే.

"ఏం పెట్టావు ఇందులో?"

గంగారత్నం వంటింట్లోకి వెళ్లి మీగడ కట్టిన గంజి గిన్నె, ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది. తన చేతిగుడ్డ ముంచి, పిండి, ఇస్త్రీ చేసి బల్లమీద పెట్టింది. గుడ్డ నిలబడింది.

"అన్నం వార్చిన నీళ్లా?" మామా ఆ గుడ్డను వేలితో టకటకలాడించి, కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుంది. సొరుగులో మాత్రం పెట్టలేదు. తలుపు చాటునుంచి ఫహద్ తొంగిచూస్తున్నాడు.

"గంగా, వాళ్ల చేతులు జారతాయని నీకు తెలుసా?"

తెలీదంటే అయిపోయేది. గంగారత్నం ఫహద్ వైపు చూసింది.

"మొదటిసారి తెలీదు మామా. రెండోసారి తెలుసు. అందుకే ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం ఎక్కువ పోశాను."