ఫోను తుడిచిన టిష్యూ

మచిలీపట్నం నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సులో, పక్క వరస సీటులో కూర్చున్న ఒకావిడ నా ఫోను అడిగింది. తన ఫోనులో ఛార్జింగ్ అయిపోయిందట. రొయ్యల షెడ్డులో పని ముగించుకుని వస్తోంది, ఆ వాసన ఇంకా చేతులకు ఉంది. బస్టాండుకి బండి తీసుకురమ్మని తమ్ముడికి చెప్పి, వెంటనే ఫోను తిరిగిచ్చేసింది.

నేను ఆవిడ ఎదుటే ఫోను ఆపేసి, శానిటైజర్ టిష్యూ ఒకటి తీశాను. శానిటైజర్ నేరుగా పోస్తే స్క్రీన్ మీది పూత పోతుందని, ఆ టిష్యూని కూడా బాగా పిండి, మెల్లగా తుడిచాను. స్క్రీన్ గురించి తప్ప మరేదీ ఆలోచించలేదు.

ఆవిడ చెయ్యి చాపింది.

"నాకూ ఒకటివ్వండి."

ఇచ్చాను. చెవి, చెంప, అరచేతులు తీరిగ్గా తుడుచుకుంది.

"అలవాటండీ, ఏమీ అనుకోకండి," అన్నాను.

"ఏమనుకుంటానండీ? నాకూ ఇప్పుడే అలవాటైంది. మీ ఫోను ఎందరి చెవులకి ఆనిందో నాకేం తెలుసు?"

వెనక సీటులో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వాడిన టిష్యూ నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

ఇప్పటికీ ఫోను తుడుస్తాను. ఎవరికైనా ఇస్తే మాత్రం, వాళ్లు దిగి వెళ్లాకే తుడుస్తాను. మారానని చెప్పుకోవడానికి అది చాలదని నాకు తెలుసు.