నాయనా అన్న పిలుపు

డోన్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో మా అమ్మ నన్ను మూడోసారి అడిగింది, "ఎవరు సార్ మీరు?" అని. ఆమెకు అల్జీమర్స్ వచ్చి అప్పటికి రెండేళ్లు.

ఎదురు బల్ల మీద ఒకాయన తన తల్లికి ఇడ్లీ తినిపిస్తున్నాడు. ఆమెదీ అదే జబ్బట. అయినా ముద్దముద్దకూ "చాలు నాయనా" అంటోంది. నాకు కడుపు మండిపోయింది.

ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో మిషన్లు నడుపుతాడట. తల్లి తనను మరిచిపోలేదన్న ఆయన సంతోషం కాస్తయినా తగ్గుతుందేమోనని, కర్నూలు డాక్టరు నాకు చెప్పిందంతా ఏకరువు పెట్టాను. మెదడు కణాల్లో జన్యువులు ఎక్కడికీ పోవు. వాటిలో కణానికీ కణానికీ మధ్య కబురు నడిపేవి మందగిస్తాయి, వాపు పెంచేవి రెచ్చిపోతాయి.

"మా గని మాదిరేనప్పా! మిషన్లన్నీ యాడివి ఆడనే ఉండాయి. కొన్ని ఆగిపోయినాయి, కొన్ని ఆపినా ఆగవు" అని నవ్వాడు. "నన్ను మాత్రం మర్సిపోల్యా మాయమ్మ. నాయనా అంటాంది సూడు."

ఆయన నీళ్లకు వెళ్లాడు. ముసలమ్మ నావైపు తిరిగింది.

"యాడికి పోతాండావు నాయనా? తింటివా?"

ఆయన నీళ్ల సీసాతో గుమ్మంలోనే ఆగిపోయాడు. అంతసేపూ నా మొహంలో ఉన్నది ఇప్పుడు ఆయన మొహంలో కనబడింది. ఆమెకు ఎదురుపడ్డ మగవాళ్లందరూ నాయనలేనని ఇద్దరికీ అర్థమైంది.

నేను లేచి పక్కకు తప్పుకోవలసింది. వినబడనట్టు ముందుకు వంగి, "ఏమంటివమ్మా?" అని ఆమెతో ఇంకోసారి నాయనా అనిపించుకున్నాను.